బావకి ఇల్లు చూడబోయి

ఖరగ్‌పూర్, 3-6-68

చిరంజీవి కూర్మయ్యకు బావ నరసింగరావు దీవెనలు. మీ అక్క, నేను కులాసా.

దసరాకి రిటైరవుతున్నాను. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి, మనకా సొంత గూడు లేదు. రెండెకరాలు కొని, మధ్యలో ఇల్లు వేసి, ఒక ఆవుని కట్టుకోవాలని కల. రైల్వే వర్క్‌షాపులో సుత్తులు మోగుతుంటే నాకు కోళ్ళ కూతలే వినిపిస్తున్నాయి. నౌపడ సముద్రపు గాలా, శ్రీముఖలింగం వంశధార ఒండ్రా, గజపతినగరం ఎర్రనేల మీద మామిడి నీడా? టెక్కలి నూనెమిల్లుకి సెలవు పెట్టి మూడూ చూసిరా. ముందు మనుషులు, నీళ్ళు ఎలాంటివో ఆరా తియ్యి.

ఇట్లు, నీ బావ

తా.క. ఆవుకి పేరు పెట్టేశాను, గౌరి. మీ అక్క మాత్రం పొయ్యి ఎక్కడ పెడతావంటోంది.

టెక్కలి, 14-6-68

బావకు కూర్మయ్య నమస్కారాలు.

నౌపడలో గాలి నువ్వు కలగన్నట్టే ఉంది గాని, ఆ ఉప్పుగాలికి మొక్కలు మాడిపోతాయట. ఒకరి అరుగు మీద కూర్చుని మనుషుల గురించీ, నూతినీళ్ళ గురించీ అడిగాను. అంతే! సంబంధం చూసుకోడానికి వచ్చాననుకుని చేపలపులుసుతో భోజనం పెట్టారు. తిన్నాక ఒక పిల్ల పట్టుచీర కట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. "సూడు బాబూ, మొగమాటపడకు" అన్నాడు పెద్దాయన. నలభై రెండేళ్ళ బ్రహ్మచారిని, ఎటు చూడను?

ఇట్లు, కూర్మయ్య

తా.క. పులుసు బ్రహ్మాండం.

ఖరగ్‌పూర్, 20-6-68

ఒరే కూర్మయ్యా, దీవెనలు.

సముద్రం వద్దులే. రాత్రి కలలో వంశధార ఒడ్డున అరటితోట, వెన్నెల, నేను మంచం మీద. ముఖలింగం వెళ్ళు. ఎవరూ అడక్కముందే పెళ్ళయిందని చెప్పెయ్యి.

నీ బావ

తా.క. గౌరికి ఈత వచ్చా అని మీ అక్క వెటకారం.

టెక్కలి, 2-7-68

బావకు నమస్కారాలు.

నేల వెన్నముద్దే, కానీ ఏరు పొంగితే గట్టంతా కోసుకుపోతుందట. పెళ్ళయిందని చెప్పి, ఆ తర్వాతే ఆరా తీశాను. దాలమ్మ అనే ముసలమ్మ చీపురెత్తింది. "పెళ్ళామున్నాది, మల్లీ పిల్ల కావాలేటి? లెగు!" నాకు కాదు, బావకి అన్నాను. "ఓరి నీ అమ్మ కడుపు కాల! అక్కకి సవితిని ఎతకతన్నావా?" అని వీధి చివరిదాకా తరిమింది.

కూర్మయ్య

తా.క. ఆవిడ మనవడు మీ ఖరగ్‌పూర్‌లోనే ఉన్నాడట. అక్కకి ముందుగా నువ్వే చెప్పు.

ఖరగ్‌పూర్, 10-7-68

ఒరే,

ఆ మనవడు నీ ఉత్తరం కంటే ముందే వచ్చిపోయాడు. నాకు రెండ్రోజులుగా పస్తు. గజపతినగరంలో నేల కోసం వచ్చానని అరిచి చెప్పు. ఇక కలలు మానేశాను, తలదాచుకునే చోటు చాలు.

నీ బావ

తా.క. తమ్ముడూ, మీ అక్క లక్ష్మణమ్మని రాస్తున్నాను. పస్తు నిజమే. కలలు మానడం అబద్ధం.

గజపతినగరం, 28-7-68

బావకు, అక్కకు నమస్కారాలు.

ఊళ్ళో అడుగుపెడుతూనే "నేల కావాలి! నాకు కాదు, మా బావకి!" అని అరిచాను. మరిడమ్మని ఒకావిడ చేను అమ్ముతోంది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఎర్రనేల, మామిడి నీడ, అన్నీ తిప్పి చూపించింది. చివర్న "బావకి ఇల్లు సూస్తన్నావు, బాగున్నాది. మరి నీ ఇల్లేది?" అంది. మిల్లు వసారాలో పడుకుంటానన్నాను. ఆ మాట ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు బావా, నువ్వూ అడగలేదు. ఏడుపొచ్చేసింది.

అయితే ఇక్కడే ఉండిపొమ్మంది, సరేనన్నాను. ఈ శ్రావణంలో మా మారుమనువు. ఆమె చేను అమ్మడం మానేసింది. నీకు పక్కచేను మాట్లాడాను. చెట్టూ చేమా లేదు, నువ్వే నాటుకోవాలి. అక్కని తీసుకుని పెళ్ళికి రా.

మీ కూర్మయ్య

తా.క. నీ ఉత్తరాలన్నీ మరిడమ్మకి చదివి వినిపించాను. "మీ బావకి కలలు కనడం బాగా వస్తాది. గునపం పట్టడం వస్తాదా?" అని అడగమంది.