మేక చెవి ట్యాగులు

ష్వైన్‌ఫర్ట్ (జర్మనీ), శనివారం

రేపటి కృతజ్ఞత కూటం విందులో మేక మాంసం ఉండదు. తప్పు నాది.

విందుకని మేం కొన్నది, మంద విడిచి అడవి పట్టిన ఒక మేకకు పుట్టిన పిల్ల. పోయిన నెల ముసలి రైతు రుడాల్ఫ్ దాన్ని పట్టుకుని, రెండు చెవులకూ నంబరున్న పసుపు ట్యాగులు వేసి, కాగితాలు రాయించి మాకు అమ్మాడు. ఈ ఉదయం వ్యాన్ ఎక్కించే ముందు మా సంఘం సుధాకరన్న ప్రార్థన చేద్దామన్నాడు. నాకేమో ఆ ప్లాస్టిక్ ముక్కలు వికారంగా కనిపించాయి. దేవుడి పేరు మీద ఇచ్చేది శుభ్రంగా ఉండాలి కదా! ఎవరూ చూడకుండా కత్తెరతో తీసేశాను. నా శుభ్రత పిచ్చి తగలెయ్య.

కబేళాలో చెవులు చూడగానే ఆపేశారు. నంబరు లేకపోతే ఎక్కడి మేకో తెలియదు, కొయ్యడం కుదరదన్నారు.

"ఆ ముసలాయన ట్యాగులు వెయ్యకుండానే మనకి అంటగట్టాడు చెల్లెమ్మా," అన్నాడు సుధాకరన్న. నేను తల ఊపాను.

సాయంత్రం, సుధాకరన్న ద్వారా సంగతి తెలిసి, రుడాల్ఫ్ ఫోన్ చేశాడు. "నా చేత్తో వేసినట్టే గుర్తు. వయసు మీద పడింది, ఏమనుకోకండి," అన్నాడు.

ఫర్వాలేదన్నాను. అప్పుడు నా రెండో చెయ్యి కోటు జేబులో, ఆ ట్యాగుల మీదే ఉంది.

రేపు కూటంలో లేచి దేవుడి మేళ్ల గురించి సాక్ష్యం చెప్పే వంతు నాది.