మూడో దెబ్బ తర్వాతి ఖాళీ

శుక్రవారం, భోజనం అయ్యాక

మేడమీద అద్దెకుండే రాజమండ్రి అమ్మాయి పద్మజ సాయంత్రం కిందికి వచ్చింది. "తాతగారూ, రేపు పంజాగుట్టలో మా ఆఫీసమ్మాయి పెళ్ళి బరాత్. ఊరేగింపులో అందరూ తీన్మార్ ఆడతారట, నేర్పించరూ?" అంది. మా అమీర్‌పేటలో కంప్యూటర్ భాషలన్నింటికీ ఇన్‌స్టిట్యూట్ ఉంది గానీ దీనికి లేదు మరి.

ఊరికే నేర్పితే నేనెందుకు, ముందు పుట్టుక చెప్పాను. నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా సిపాయిల మర్ఫా వాద్యమూ, మన డప్పూ వీధిలో కలిస్తే పుట్టిన ఆట ఇది. పెద్దలు చెప్పగా విన్నదే. వాళ్ళ భాష మా తాతకు రాదు, దరువు మటుకు అర్థమైందట.

తర్వాత స్టూలు మీద దరువేశాను. పద్మజ పాదాలు చూసుకుంటూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది.

"గట్ల లెక్కబెడితే రాదు బిడ్డా. మూడో దెబ్బకు భుజం దించాలె. దాని ఎనక జర ఖాళీ ఉంటది. అప్పుడు తల ఎత్తాలె."

లేచి ఆడి చూపించాను. తల ఎత్తాను. ఖైరతాబాద్ ఊరేగింపుల్లో సరిగ్గా ఆ ఖాళీలోనే, ఆడవాళ్ళ వరుసలోంచి సత్తెమ్మ నన్ను చూసేది. మా పెళ్ళయ్యాక కూడా మానలేదు. ఆమె పోయాక నేను మళ్ళీ ఆడింది ఇవాళే.

"ఎవర్ని చూస్తున్నారు తాతగారూ?"

"ఎవ్వర్ని లేదు. పద్ధతి గంతే."

పద్మజ నోటుబుక్కులో రాసుకుంది, మూడో దెబ్బ తర్వాత ఎదురుగా చూడాలని. ఇంకొక్కసారి ఆడమంది. మోకాలు నొప్పన్నాను.

మోకాలికేం, బాగానే ఉంది...