కెమెరా నేర్చుకున్న బోణీ

మద్దిలేటన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. మన ఆదోని మిల్లులో పత్తి రకం ఇప్పుడు కెమెరా చెబుతోంది. నీ తలపైన బిగించి, ఒక పంటకాలమంతా నువ్వు పత్తి రకం తేల్చే పని చూపించి నేర్పినారే, అదే కెమెరా.

ఈ పొద్దు మొదటి బండి పెద్దకడుబూరుది. వానకు తడిసి పత్తి నల్లబడింది. తెచ్చిన ముసలామె దిగులుగా నిలబడింది. తెర మీద మాత్రం "మొదటి రకం" అని పడింది. వెనక బండిలోని అలాంటి పత్తికే మూడో రకం వచ్చింది.

రోజూ ఇంతే. పొద్దున తొలి బండి ఎలా ఉన్నా, బోణీ అని నువ్వు మొదటి రకం ఇచ్చేవాడివి. ఆ సంగతి దానికి మేమెవరం చెప్పలేదు.

"సల్లగుండు నాయనా," అని ముసలామె కెమెరాకు దండం పెట్టింది. హమాలీలు ఎవరూ నవ్వలేదు. అందరం ఖాళీగా ఉన్న నీ చోటు వైపు చూశాం.

"సచ్చినా బోణీ ఇడ్సలేదు సూడప్పా మీ అన్న," అన్నాడు మిల్లు షావుకారు నాతో. "ఎన్నాళ్ళని నష్టం మోసేది? రేపు కెమెరా కంపెనీవోళ్ళొచ్చి ఆ బుద్ధి తీసేస్తారు. నువ్వు దగ్గరుండి సూస్కో."

ఆస్పత్రిలో చివరి గడియలో నీ పక్కన ఉన్నది నేనే. రేపూ నేనే ఉండాలి, అన్నా.