ఎడమవైపు మూడు సొట్టలు

జూన్ 12, సోమవారం

నిన్న పడ్డాను. మా గేటు ముందు మలుపులో ఇసుక ఉంది. ఇసుక మీద ముందు బ్రేక్ నొక్కకూడదని తెలుసు. నొక్కాను. నాకేం కాలేదు, మోచెయ్యి గీరుకుపోయిందంతే. నాన్న మోటార్‌సైకిల్ ఎడమవైపుకి ఒరిగి, పెట్రోల్ ట్యాంక్ వెళ్లి గేటు దిమ్మకి కొట్టుకుంది. మూడు సొట్టలు. ఒకటి అరచెయ్యంత, ఒకటి నిమ్మకాయంత, ఒకటి కింద అంచు దగ్గర బొటనవేలంత.

సొట్ట. ఎంత బాగుంది మాట. అంటుంటేనే నోట్లో ఏదో లోపలికి పోయినట్టుంటుంది. బుగ్గకి పడితే ముద్దు, ట్యాంక్‌కి పడితే శిక్ష.

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. ఇరవై రెండేళ్లు నా చేతిలో ఉంది, ఒక్క సొట్ట పడలేదు అన్నాడు. నీకు బండెందుకు తల్లీ, బస్సు ఉందిగా అన్నాడు. నాన్నతో పనిచేసే పాలిష్ మేస్త్రి బండి తనకి అమ్మమని ఎప్పట్నుంచో అడుగుతున్నాడట. ఇరవై ఐదో తారీఖు ఆదివారం వచ్చి తోలుకుపొమ్మని నాన్న ఫోన్ కూడా చేసేశాడు.

అన్నయ్య తన స్కూటర్‌ని రెండుసార్లు మురిక్కాలవలో పడేశాడు. అప్పుడు మాత్రం, నేర్చుకునేటప్పుడు పడరా ఏంటి అన్నారు. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను.

జూన్ 13

బండెందుకు అన్నాడే కానీ నాన్న జవాబు కోసం ఆగలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. లైబ్రరీలో ఒక పెద్ద నిఘంటువు ఉంది. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. నా ఆఖరి క్లాసు నాలుగున్నరకి అయిపోతుంది. మా వైపు ఆఖరి బస్సు ఐదుంపావుకి. లైబ్రరీ మాత్రం ఏడింటిదాకా. లైసెన్స్ వచ్చాక ఆరు రోజులు బండి మీద వెళ్లాను. ఆ ఆరు రోజుల్లో 'క' మొత్తం, 'గ' సగం అయ్యాయి. బస్సులో వెళ్తే 'హ' వచ్చేసరికి నాకు మనవలుంటారు.

సాయంత్రం నాన్న దగ్గరికి వెళ్లాను. నాన్న వడ్రంగి. తలుపు నునుపు చేశాక కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి నడిపిస్తాడు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ పని మళ్లీ మొదలు. అందుకే ఆయన భాషలోనే చెప్పాను. సొట్టలు నేనే తీస్తాను, ఆదివారం కళ్లు మూసుకుని చూడు, చెయ్యి ఆగితే మేస్త్రికి ఇచ్చెయ్, ఆగకపోతే తాళం నాది.

సరే, అందాకా ఆడుకో అన్నాడు.

ముందు నీ మంచం మీద బట్టలు మడతపెట్టు, ఆ తర్వాత ఇనుము మడతలు తీద్దువుగాని అంది అమ్మ.

జూన్ 14, ఉదయం 6:20

పెట్రోల్ అంతా డబ్బాలోకి దింపాను. సీటు, ఒక బోల్టు, ఒక పైపు, అంతే. ట్యాంక్ చేతుల్లోకి వచ్చేసింది. సబ్బునీళ్లతో నాలుగుసార్లు కడిగి, మూత తీసి ఎండలో పెట్టాను. లోపల ఆవిరి మిగిలి ఉండగా వేడి తగిలితే పేలుతుంది. ఈ వాక్యం రాశాక రెండుసార్లు చదివి కింద గీత గీసుకున్నాను.

కడుగుతుంటే చూశాను, కుడివైపు రంగు ఒక చోట కాస్త ముదురుగా ఉంది. అది ఎండ వల్ల అని నాన్న చిన్నప్పట్నుంచీ చెబుతున్నదే.

జూన్ 16

వంచిన ఇనప రాడ్, చివర గుడ్డ చుట్ట. ట్యాంక్ మూతిలోంచి లోపలికి పెట్టి నెట్టాను. నిమ్మకాయ సొట్ట రెండు గంటల్లో లేచింది. టార్చి వేసి లోపలికి తొంగి చూస్తుంటే, స్కానింగ్‌లో ఏం కనిపించింది, కవలలా అని అడిగాడు అన్నయ్య.

జూన్ 18

పెద్దది. నాన్న పడేసిన టేకు ముక్కల్లోంచి చిన్న బిళ్లలు కోశాను. బిళ్లకి గ్లూ గన్‌తో వేడి జిగురు రాసి సొట్ట మధ్యలో అంటించాలి. ఆరాక బిళ్లలో బిగించిన బోల్టు తిప్పుతూ మెల్లగా పైకి లాగాలి. టప్‌మని ఊడుతుంది. ఊడిన ప్రతిసారీ రేకు కాగితం మందం పైకొస్తుంది. మిగిలిన జిగురుకి పాలిష్ స్పిరిట్ రాస్తే చర్మంలా ఊడిపోతుంది. ముప్ఫై ఒక్కసార్లు లాగాను.

సరిగ్గా వచ్చిందో లేదో కిటికీ చెబుతుంది. ట్యాంక్‌లో కనిపించే కిటికీ ఊచలు సొట్ట ఉన్నచోట వంగిపోతాయి. పొద్దున సున్నా చుట్టుకున్న ఊచ సాయంత్రానికి చిన్న విల్లు అయింది.

జూన్ 19

ఎక్కువ లాగాను. ఉబ్బెత్తు. ఎంత మంచి మాట, ఎంత చెడ్డ పని. చెక్క సుత్తితో బుజ్జగించి దించాను.

జూన్ 20

అంచు దగ్గరిది రావడం లేదు. రాడ్ అందదు, బిళ్ల నిలవదు.

నిజం రాస్తాను. నాన్న లప్పం తీశాను. రంపపు పొట్టు, జిగురు కలిపి తలుపుల పగుళ్లలో నింపుతాడే, అది. సొట్టలో నింపి, ఆరాక ఉప్పుకాగితం పట్టాను. కళ్లు మూసుకుని అరచెయ్యి నడిపించాను. నా చెయ్యి ఆగలేదు.

నిద్రపోవాలి కానీ సంతోషంగా లేదు.

జూన్ 21, మధ్యాహ్నం

ఎండకి లప్పం బిస్కెట్ ముక్కలా లేచి ఊడిపడింది. చెక్కకి పట్టినట్టు ఇనుముకి పట్టదు. వడ్రంగి ఇంట్లో తప్ప ఎవరూ చెయ్యని తప్పు.

మంచిదే అయింది. మళ్లీ చెయ్యను.

జూన్ 22

రేకు కాస్త మెత్తబడుతుందని ట్యాంక్ నిండా మరిగే నీళ్లు పోశాను. ఎడమవైపు ఏమీ కాలేదు. కుడివైపు, నేను ముట్టుకోని వైపు, ఆ ముదురు రంగు బొబ్బలా లేచింది. గోరు పెట్టగానే పెద్ద పెచ్చు చేతిలోకి వచ్చింది.

కింద గోధుమరంగు. వేళ్లతో నలిపాను. రంపపు పొట్టు.

లప్పం. మొన్న నేను పెట్టిన లప్పమే, నాకంటే పాతది, పైన రంగు వెయ్యబట్టి ఇన్నేళ్లు నిలిచింది. అదంతా గీకేస్తే కింద సొట్ట. నా మూడూ కలిపినా అంతుండవు.

ఇరవై రెండేళ్లు. ఒక్క సొట్ట పడలేదు.

అమ్మ బట్టల బకెట్‌తో వచ్చి చూసి, గోడ పట్టుకుని నవ్వింది. పెళ్లయిన కొత్తలోనట, బండి కొన్న మూడో రోజట. అదే మలుపు. ఆ గేటు దిమ్మకి మీ ఇద్దరి మీద ఏం పగో అంది. ఇంకేమీ అడగకు, నేనేమీ చెప్పలేదు అంది.

ఇది నాన్న ముందు పెట్టు, తాళం నిమిషంలో నీ చేతికొస్తుంది అన్నాడు అన్నయ్య. వద్దన్నాను. అలా గెలిస్తే నాన్న పడ్డందుకు గెలిచినట్టు. నేను బాగుచేసినందుకు గెలవాలి.

కానీ మళ్లీ కప్పను. దాన్ని కప్పడం నా పని కాదు.

జూన్ 24, సాయంత్రం 5:40

పైనుంచి అందకపోతే కిందినుంచి. పెట్రోల్ కుళాయి విప్పితే అక్కడో రంధ్రం ఉంది. ఇన్నాళ్లూ నా కళ్లెదుటే ఉంది. సన్న రాడ్ దూర్చి, అంచు దగ్గరికి తిప్పి, ఊపిరి బిగబట్టి నెట్టాను. టిక్.

ఊచలన్నీ నిటారుగా ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు.

జూన్ 25, ఆదివారం

మేస్త్రి తొమ్మిదింటికే వచ్చి టీ గ్లాసుతో కూర్చున్నాడు. ట్యాంక్ ముందు గదిలో బల్ల మీద పెట్టాను. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఎడమవైపు అరచెయ్యి నడిపించాడు. ఒకసారి. రెండోసారి మెల్లగా. మూడోసారి అంచు వెంబడి, వేలికొసలతో. ఆగలేదు.

నేను ఊపిరి తీసుకున్నాను. ఆయన మాత్రం అలవాటుగా చెయ్యి కుడివైపుకి పోనిచ్చాడు.

ఆగింది.

కళ్లు తెరవకుండానే ఆ సొట్ట అంచు చుట్టూ వేళ్లతో తడిమాడు. అది నాది కాదు నాన్నా అన్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తూనే ఉంది, ఆ గిన్నె ఎప్పుడో ఆరిపోయింది. మేస్త్రి, ఇంత సొట్ట ఉందని చెప్పలేదేం అన్నా అని అడిగాడు.

నేర్చుకునేటప్పుడు పడ్డాను అన్నాడు నాన్న. ఆ తర్వాత, బండి ఇవ్వడం లేదు, ఏమీ అనుకోకు అన్నాడు. తాళం చెవి జేబులోంచి తీసి బల్ల మీద, నా వైపు పెట్టాడు.

జూన్ 26, సాయంత్రం 7:35

'గు' దాకా వచ్చాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గేటు దిమ్మ దగ్గర నా రాడ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్రోల్ దింపెయ్, కుడివైపు మొదలుపెడదాం, ఎలాగో చూపించు అన్నాడు. ఆదివారం అన్నాను. రేపు నాకు లైబ్రరీ ఉంది.