మూడు చుక్కల పిన్ను

తెనాలి, మంగళవారం

రేపల్లె అక్క కూతురు సునీత సాయంత్రం సరిహద్దు డ్యూటీ నుంచి ఫోన్ చేసింది. గొంతులో ఎంత సంబరమో.

"మావయ్యా, మాకు కొత్త రైఫిళ్లు ఇచ్చారు. విప్పి తుడుస్తుంటే ఓ పిన్ను మీద నీ మూడు చుక్కలు కనిపించాయి! మా మావయ్య చేసిందేనని అందరికీ చూపించాను."

నాన్న లేత్ షాపు పెట్టినప్పటి నుంచీ మా గుర్తు అదే.

ఆ రైఫిలు విడిభాగాలు విదేశం నుంచి పెట్టెల్లో వస్తాయి. కొన్నయినా ఇక్కడ చేసినవి ఉండాలని రూలు. ఆ లెక్కకి ఒకటి తక్కువైతే, రైఫిళ్లు బిగించే కంపెనీవాళ్లు ఈ పిన్ను చేసే పని నాకిచ్చారు. పదును పట్టడానికి పెట్టిన చివరి ట్రే కొలిమిలో ఉండగా కరెంటు పోయింది. పదును పట్టి గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఆ ట్రేలో పిన్నుల మీద జారలేదు, కోసుకుపోయింది. అవి మెత్తగానే ఉండిపోయాయి. కంపెనీ మేనేజరుకి చెప్పాను.

"ఇవాళ పంపకపోతే స్వదేశీ లెక్క తప్పుతుందండి. మంచివాటిలో కలిపేయండి" అన్నాడు.

కలిపేశాను. చుక్కలు కూడా నేనే పొడిచాను. సునీతకి వచ్చింది ఏ ట్రేలోదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అన్నిటి మీదా అవే చుక్కలు.

"గట్టిగా ఉందా అమ్మా?" అని మాత్రం అడగగలిగాను.

"నువ్వు చేసింది గట్టిగా లేకపోవడమేంటి మావయ్యా!" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక, వాటిలోంచి జ్ఞాపకంగా దాచుకున్న ఒక పిన్ను తీసి ఆకురాయితో గీశాను. జారిపోయింది. మళ్లీ గీశాను. మళ్లీ జారింది.

మంచి పిన్ను నా సొరుగులో ఉంది.