రెండోసారి మిషను ఆపేటప్పుడు

పిల్లల ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, కొలనులో పిల్లలకు ఈత నేర్పే మాస్టారు, ఐసీయూ మూడో మంచం పాప తండ్రి, విన్నవించుకొను అర్జీ.

విషయం: మా పాప మెదడు చనిపోయినదా లేదా అని తేల్చు రెండో పరీక్షలో తండ్రిని గదిలో ఉండనిచ్చుట గురించి.

అయ్యా,

1. మెదడువాపు జ్వరంతో మా తొమ్మిదేళ్ళ పాపను తమ ఆసుపత్రిలో చేర్చితిని. శ్వాస మిషను పెట్టినారు. వైద్యానికి వంక పెట్టను. నిన్న ఉదయం డ్యూటీ డాక్టరు నన్నూ నా భార్యనూ మందు తెమ్మని కిందికి పంపెను. తిరిగి వచ్చేసరికి మంచం చుట్టూ తెర వేసి ఉండెను. తెర తీసిన నర్సమ్మ చెప్పిన ముక్క ఇది: "అయిపోయిందండీ. మిషను ఆపి చూశారు. పాప ఊపిరి తీసుకోలేదు." నా బిడ్డ ఉందో లేదో తేల్చుతుంటే నేను మందుల షాపు ముందు వరుసలో నిలబడి ఉంటిని. ఇదెక్కడి న్యాయమండీ?

2. మధ్యాహ్నం నా భార్య పాప అరికాలు తుడుస్తుండగా బొటనవేలు కదిలెను. నర్సమ్మ "మంచిదేగా అమ్మా" అనెను. డాక్టరు "అది వెన్నుపాము చేసే పని, మెదడుది కాదు" అనెను. ఎవరి దారిన వారు పోయిరి. అప్పటినుంచి నా భార్య ఆ పాదం వదలలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పేందుకు ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క మనిషి దొరకలేదా?

3. రెండో పరీక్ష వేరే డాక్టరు, తగినంత వ్యవధి ఇచ్చి, చేయవలెనని నియమమట. సంతోషము. కానీ తమ గుమాస్తా నా ఎదుటే ఫోనులో "మూడో మంచం బాడీ రేపటికల్లా ఖాళీ అయిపోతుందిలే" అనెను. బాడీ ఏమిటండీ, ఇంకో పరీక్ష ఉండగానే? ఆ బాడీకి ఈ ఉదయమే వాళ్ళమ్మ గోళ్ళు తీసింది! గుమాస్తా మీదికి నేను చెయ్యెత్తిన మాట నిజము. గార్డు అడ్డుపడెను. క్షమాపణ చెప్పను.

4. అసలు సంగతి. మా పాపను కొలను దగ్గర అందరూ చేపపిల్ల అంటారు. నీళ్ళలో ఊపిరి బిగబట్టడం దాని మొండి సరదా, నేర్పింది నేనే. పిలిస్తే రాదు, అరిస్తే రాదు. నీళ్ళలో మాట వినపడదు కనుక మెట్ల ఇనుప కడ్డీ మీద రెండుసార్లు తట్టుట మా కొలను పద్ధతి. తడితే ఎంత పంతంలో ఉన్నా పైకి తేలేది. తేలని రోజు లేదు. నిన్న మీవాళ్ళు మిషను ఆపినప్పుడు దానికోసం ఎవరూ తట్టలేదు.

కుర్ర డాక్టరు జాలిపడి చెప్పెను: "మాస్టారూ, ఇది బిగబట్టడం కాదండీ. రక్తంలో చెడుగాలి పెరిగితే ఒళ్ళే ఊపిరి లాక్కుంటుంది. మెదడు బతికుంటే ఎవరూ ఆపుకోలేరు." తెలుసును. ఈత మాస్టారును, ఆ మాత్రం తెలియదా? తెలిసిందే, మనసుకు ఎక్కడం లేదు!

కావున రెండో పరీక్షకు తెర వేయరాదనియు, నన్ను మంచం కడ్డీ పక్కన నిలబడనివ్వవలెననియు కోరుచున్నాను. తమ యంత్రములు ముట్టను. ఏడవను.

చిత్తగించవలెను. చిత్తగించకపోయినా ఐసీయూ తలుపు దగ్గర నుంచి కదలను.

తమ విధేయుడు (ఈ ఒక్క విషయంలో తప్ప),
మూడో మంచం పాప తండ్రి

తా.క.: వాళ్ళమ్మ లోపలికి రానంటోంది. "మీరెళ్ళి తట్టండి. వస్తే నన్ను పిలవండి. రాకపోతే మీరే వచ్చి చెప్పండి, వాళ్ళచేత చెప్పించొద్దు" అంది. అయ్యా, రెండుసార్లే తడతాను. మూడోసారి తట్టను. అది రాకపోతే మీ మాట నమ్మి, బయటికి వెళ్ళి ఆమెకు నేనే చెప్పుకుంటాను. అంతవరకు ఆ మనిషిని మందు తెమ్మని ఎక్కడికీ పంపకండి.