మూడు పిడికిళ్ల సున్నం

శాన్ లూకాస్ తెకోపా, త్లస్కాలా
9 మే 1996

దోమితిలా వదినకు,

ఎర్మీనియా మర్యాదగా పలకరించి రాస్తున్నది. ఇక్కడ అందరం ఎవరి పని వాళ్లం చేసుకుంటున్నాం. మీ పుట్టింట్లో మీరంతా అలాగే ఉన్నారనుకుంటాను. ఏడు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇప్పుడు సున్నం దగ్గర మొదలుపెడతాను.

అక్టోబరులో పునీత లూకా పండుగ విందు మన ఇంటి వంతు. నీలి మొక్కజొన్నను పొట్టు ఊడేలా సున్నపు నీళ్లలో ఉడకబెట్టింది నువ్వు. మర నుంచి వచ్చిన పిండి నీలంగా ఉండాల్సింది, ఆకుపచ్చగా ఉంది. రొట్టెలు చేదు. నికనోర్ మామ ఒక ముక్క కొరికి, ఇది తినడానికిచ్చారా గోడకు పూయడానికిచ్చారా, మా ఇంటికి పూస్తే రెండు వానాకాలాలు ఆగుతుంది అన్నాడు. పందిరంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. కోపంగా ఉన్న చెయ్యి పడితే కుండ చెడుతుంది, పొద్దున్నే మొగుడితో పోట్లాడి పొయ్యి దగ్గరికొచ్చింది అంది. మర్నాడు నువ్వు బస్సెక్కావు. ఇప్పటికీ ఊళ్లో ఎవరి కుండ చెడినా నీ పేరే తలుస్తారు. సంతలో నీ రొట్టెల కోసం వరుస కట్టినవాళ్లే, నువ్వు తిరిగొస్తే పొయ్యి ముట్టనివ్వం అంటున్నారు. నిన్ను తిరిగి రాకుండా ఆపుతున్నది ఆ మాటేనని నాకు తెలుసు.

నేను బడిలో గదులు ఊడుస్తాను కదా. మార్చిలో ఒకరోజు లియోకాదియా టీచరు నన్ను నీలి మొక్కజొన్న నానబెట్టిన నీళ్లు తెమ్మంది. వాటిని మూడు గ్లాసుల్లో పోసింది. ఒకదానిలో నిమ్మకాయ పిండితే గులాబీ రంగు వచ్చింది. ఇంకోదానిలో చిటికెడు సున్నం వేస్తే ఆకుపచ్చ అయింది. మన విందు పిండి రంగే. నేను చీపురు గోడకు ఆనించి దగ్గరికెళ్లాను. టీచరమ్మా, ఈ గ్లాసుకు ఎవరి మీద కోపం అని అడిగాను. కోపమూ లేదు తాపమూ లేదు, సున్నం ఎక్కువైతే ఎవరు వేసినా ఇదే రంగు అంది.

నిమ్మరసంలాంటి పుల్లటివి ఆమ్లాలట. సున్నం, బూడిద లాంటివి క్షారాలట. ఏది ఎంత ఘాటో చెప్పడానికి సున్నా నుంచి పద్నాలుగు దాకా మెట్లున్నాయి. వాటిని పీహెచ్ అంటారు. మంచినీళ్లు నడిమధ్య ఏడు. నిమ్మరసం రెండు దగ్గర. సున్నపు తేట పన్నెండు. ఒక్కో మెట్టుకూ పది రెట్ల తేడా అంది. అయితే మూడు మెట్లకు ముప్పై రెట్లా అన్నాను. కాదు, వెయ్యి అంది. ఆ సాయంత్రం దారంతా పదులు హెచ్చవేసుకుంటూ నడిచాను.

మర్నాడు రెండు పొట్లాలు పట్టుకెళ్లాను. ఒకటి పండుగనాటి జాడీలోది. నువ్వు వెళ్లాక అమ్మ దానికి మూత బిగించి, మరలో అమ్మే పిండే కొనిపిస్తోంది. రెండోది మనం ఎప్పుడూ వాడే, సామాన్ల కొట్టులో ఏళ్లుగా తెరిచి ఉన్న బస్తాలోది. కంటికి రెండూ తెల్లటి పొడే. టీచరు ఒక్కోదాన్నీ నీళ్లలో కలిపి రంగు కాగితం ముంచింది. బస్తాది తొమ్మిది చూపింది. జాడీది పన్నెండు. పొడుల మీద నిమ్మరసం పోస్తే బస్తాది బుసబుసా నురగలు కక్కింది. జాడీది కదల్లేదు. గాలి తగిలిన సున్నం ఏళ్ల తరబడి ఆ గాలిలోంచి ఏదో పీల్చుకుని మళ్లీ రాయి అవుతుందట. నురగగా బయటికొచ్చేది అదేనట. బట్టీలో కాలి పొడైన రాయి, మనం చూస్తుండగానే మళ్లీ రాయి అవుతోందన్నమాట. ఇన్నేళ్లూ దానితో వండుతూ నాకు ఆ సంగతే తెలియదు.

పోయిన వారం అదంతా అమ్మ ముందు పెట్టాను. డెబ్బై ఏళ్ల నాలుక నా దగ్గరుండగా కాగితం ముక్కలెందుకే అంది. నిమ్మకాయ పిండాను. నురగ చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇంకోసారి పిండు అంది. ఆరు నిమ్మకాయలు అయ్యాయి. అప్పుడు, కుండకు సున్నం ఎంత వేసేదానివి అని అడిగాను. మా అత్త ఒక్క పిడికిలి వేసేది, రాను రాను గింజ మీద పొట్టు ఊడక నేను రెండు చేశాను, తర్వాత మూడు చేశాను అంది. కోడలికి ఎన్ని నేర్పావు అన్నాను. మూడు, నోరు మూసుకుని కుండ కడుగు అంది.

జాడీ తెరిచి ఒక్క పిడికిలి వేసింది. పొట్టు సుళువుగా జారింది. పిండి నీలంగానే ఉంది. అమ్మ నిలబడే రెండు రొట్టెలు తిని ఉప్పు తక్కువైంది అంది. మన రొట్టెల్లో ఉప్పు వెయ్యం, నీకు తెలుసు.

ఆదివారం మర దగ్గర ఆడవాళ్లంతా వరుసలో ఉండగా తనే చెప్పింది. చెడింది నా కోడలి చెయ్యి వల్ల కాదు, నేను నేర్పిన కొలత వల్ల అంది. అయితే మా గోడకు పూత ఎప్పుడేస్తావు ఎదువీహెస్ అని నికనోర్ మామ పెళ్లాం అమ్మను అడిగింది. ముందు నీ మొగుడి నోటికి వేస్తాను అంది అమ్మ.

ఇదంతా విని ఫెర్మీన్ అన్నయ్య మీ ఊరికి బస్సు ఎన్నింటికని అడిగాడు. శనివారం వస్తాడు. రావాలో వద్దో నీ ఇష్టం.

గౌరవంతో,
నీ ఆడపడుచు
ఎర్మీనియా

తా.క. పండుగ ముందు రోజు బట్టీ నుంచి కొత్త సున్నం తెచ్చి జాడీలో పోసింది నేను. నువ్వు మూడో పిడికిలి వేస్తుంటే పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను. కొత్త సున్నానికీ పాతదానికీ ఉన్న తేడా అప్పటికి నాకు తెలియదు. పిండి రంగు చూడగానే అనుమానం వచ్చింది. అమ్మ నీ పేరెత్తింది. నా పేరు రానందుకు నాకు హాయిగా అనిపించింది. బడికి పొట్లాలు మోసింది కూడా, తప్పు నాది కాదని ఆ కాగితం చెబుతుందేమోనని. ఇది అమ్మకు ఇంకా తెలియదు. నువ్వు వస్తే నీ ఎదుటే చెబుతాను. రాకపోతే వచ్చే ఆదివారం మర దగ్గర వరుసలో నిలబడి చెబుతాను.